చివరి పదహారు పేజీలు

అమరావతమ్మ తన యాభై రెండేళ్ళ జీవితంలో చదవకుండా తీర్పు చెప్పిన పుస్తకాలు అరవై ఒకటి. ఆ సంఖ్యలో పొరపాటు లేదు. వాటిని లెక్కపెట్టింది ఆమే.

పుంగనూరు పఠనమందిరంలో ఆమె పందొమ్మిదేళ్ళుగా గ్రంథపాలకురాలు. ఎవరో పుణ్యాత్ముడు రాసిచ్చిన ధర్మనిధి మీద నడిచే ఆ రెండు గదుల పెంకుటింటికి అయిదుగురు సభ్యుల కమిటీ, ఆ కమిటీకి వేరుసెనగ మండీ యజమాని వరదరాజులు అధ్యక్షుడు. కమిటీలో పుస్తకం చదివేవారు ఎవరూ లేరని అమరావతమ్మ నమ్మకం. ఆ నమ్మకాన్ని ఆమె ఎన్నడూ దాచుకోలేదు. ప్రబంధాలు, కన్నడ వచనం, ఆంగ్ల నవలలు ఆమెకు కంఠోపాఠం కాకపోయినా చేతిపాఠం. ఏది ఏ అరలో ఉందో చీకట్లోనైనా తీయగలదు.

పఠనమందిరంలో రోజూ మధ్యాహ్నం మూడు నుంచి నాలుగు దాకా ఆడవాళ్ళ గంట. ఆ గంటలో పేపర్లు చదివే మగవాళ్ళు అరుగుమీదికి పోవాలి. పన్నెండేళ్ళ కిందట ఈ గంట కోసం అమరావతమ్మ కమిటీతో ఏడాదిపాటు పోరాడింది. ఆడవాళ్ళు వస్తారు, మంచి పుస్తకాలు చదువుతారు అని ఆనాడు వాదించింది. ఆడవాళ్ళు వచ్చారు. రోజుకు ముప్ఫైమందికి తక్కువ కాకుండా వచ్చారు. వాళ్ళు అడిగింది మాత్రం ఆటల నవలలు.

వాటిని రాసినావిడ పేరు, అట్టమీద ఉన్న ప్రకారం, కుమారి హేమకుంతల. ఒకదానిలో బాల్ బాడ్మింటన్, ఒకదానిలో పరుగుపందెం, ఒకదానిలో వాలీబాల్. అట్టమీద రిబ్బను కట్టుకున్న పిల్ల, చేతిలో బ్యాటు, వెనక ఒక మీసాల యువకుడి సగం ముఖం. ఎనిమిది నెలల కిందట ఒకనాడు ఒక ప్రబంధం చూసింది అమరావతమ్మ. కొన్న పదేళ్ళకు కూడా దాని పుటలు ఒకదానికొకటి అంటుకొని ఉన్నాయి. పక్కనే బాల్ బాడ్మింటన్ నవల మూడోసారి కుట్టుకు సిద్ధంగా ఉంది. ఆ కోపంలో కమిటీకి ఉత్తరం రాసింది. ‘ఈ నవలలు పాఠకుల అభిరుచిని చెరుపుతున్నవి. స్త్రీలకు కేటాయించిన గంటలో ఇవి తప్ప మరేమియు పోవుటలేదు. వీటిని తొలగించుట మేలు.’

రాసి మరచిపోయింది. కమిటీ మరచిపోలేదు.

మంగళవారం పొద్దున వరదరాజులు వచ్చి ఆమె బల్లముందు నిలబడ్డాడు. బట్టతల, భుజంమీద తువ్వాలు, చెవిలో పెన్సిలు ముక్క.

“అమ్మా, మీ లెటరు కమిటీలో పెట్టినాను. అందరూ సరే అనినారు. ఆదివారం మీటింగు. ఆ అరవై ఒక్క బుక్కులకీ లిస్టు రాసి, ఒక్కోదాని పక్కన ఎందుకు తియ్యల్లో ఒక ముక్క రాసియ్యండి.”

“మంచిది.”

“ఇంగొకటి. ఆ బుక్కులే లేనప్పుడు ఆడోళ్ళ గంట యాల? ఆ గంట కూడా పేపర్లు సదివేవాళ్ళకిచ్చేస్తే సరిపాయె.”

అమరావతమ్మ చేతిలోని కలం ఆగింది. “పుస్తకాలు వేరు, గంట వేరు, వరదరాజులు గారూ.”

“మీరే రాసినారు కదమ్మా. ఆ గంటలో ఇవి తప్ప ఇంగేమీ పోవడం లేదని. సూడండి, ఈడ.”

రెండో వాక్యం. ఆమె చేతిరాత. గుండ్రంగా, ఎక్కడా కొట్టివేత లేకుండా.

“తీసేసినవాటిని ఈడ యాడ పెడతారు, జాగా అడ్డం. మా మండీ అటక మీద పెట్టిస్తాలే” అని దయతలచి వెళ్ళిపోయాడాయన.

ఆ రోజంతా ఆమెకు కుర్చీలో కుదురు లేకపోయింది. ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటే తొందరపడి రాసినట్టు ఒప్పుకోవాలి. తొందరపాటు ఆమె ఇతరుల్లో చూసే దోషం. తీసుకోకపోతే, పన్నెండేళ్ళ కిందట తాను తెచ్చిన గంటను తన వాక్యమే తీసుకుపోతుంది. చివరికి ఒక మార్గం తోచింది. కారణాలు రాయమన్నారు గదా, రాస్తాను. అయితే చదివి రాస్తాను. అందులో గంటకు సంబంధించిన కారణం ఒక్కటి కూడా ఉండనివ్వను.

బుధవారం పొద్దున మొదటి పుస్తకం తెరిచి పెన్సిలు తీసుకుంది. ఇరవై పేజీల్లో పద్నాలుగు తప్పులు దొరికాయి. ఒక చోట సూర్యుడు ఉత్తరాన అస్తమించాడు. ముప్ఫై ఒకటో పేజీ దగ్గర ఆమెకు ఎప్పుడూ వచ్చే విసుగే మళ్ళీ వచ్చింది. ఆ పేజీ అంకె చుట్టూ పెన్సిలు గుర్తులు. ఇది ఈ ఊరి ఆడవాళ్ళ ఆచారం. అన్ని అట్టలూ ఒకేలా ఉంటాయి గనక, చదివిందే మళ్ళీ తీసుకుపోకుండా ఒక్కొక్కరూ ముప్ఫై ఒకటో పేజీలో తమ గుర్తు పెట్టుకుంటారు. పువ్వు ఒకరిది, నెలవంక ఒకరిది, కత్తెరలాంటి ఇంటూ గుర్తు కుట్టుపనిచేసే రామక్కది. అమరావతమ్మ పన్నెండేళ్ళుగా వాటిని రబ్బరుతో చెరుపుతూనే ఉంది. వాళ్ళు పెడుతూనే ఉన్నారు.

ఈసారి చెరపలేదు, లెక్కపెట్టింది. ఒక్కో పుస్తకానికి ఇరవై ఆరు, ముప్ఫై, నలభై ఒకటి. ఆమె ప్రియమైన ప్రబంధానికి ఒకటి కూడా లేదు. దాదాపు అన్ని పుస్తకాల్లోనూ కనిపించింది ఒక త్రికోణం, దాని నడుమ ఒక చుక్క. అరవై ఒకటిలో యాభై ఎనిమిదింటిలో ఉంది. ఎక్కడో చూసినట్టుంది గాని ఎక్కడో గుర్తురాలేదు. సాయంత్రం ఇంటికి పోతూ మండీ ముందు ఆగిపోయింది. లారీలోకి ఎక్కుతున్న ప్రతి గోనెసంచి మీదా మసితో వేసిన త్రికోణం, నడుమ చుక్క.

వరదరాజులు భార్య నాగమ్మ ఆడవాళ్ళ గంటకు తప్పకుండా వస్తుంది. వారానికి రెండు పుస్తకాలు కొంగుకింద పెట్టుకొని పోతుంది. పాపం, ఇంట్లో అలవాటైన గుర్తే పెట్టుకుంది కాబోలు. మండీ సంచిమీదా నవల పేజీమీదా ఒకే గుర్తు వేసే అమాయకత్వం ఈ ఊళ్ళోనే సాధ్యం. అమరావతమ్మ నిలబడిన చోటనే చల్లగా నవ్వుకుంది. ఆదివారంనాడు అధ్యక్షులవారి నోరు మూయించడానికి ఈ ఒక్క గుర్తు చాలు.

ఆ నవ్వు మర్నాడు మధ్యాహ్నం దాకా నిలిచింది. మధ్యాహ్నం ఆమె ‘ఇరవై తొమ్మిదో పాయింటు’ అనే నవల తెరిచింది.

కథ ఏమంత గొప్పది కాదు. ఉత్పల అనే కాలేజీ పిల్ల బాల్ బాడ్మింటన్ ఆడుతుంది. ఇరవై తొమ్మిది పాయింట్ల ఫైనల్లో గెలిస్తే ఆ సాయంత్రమే జట్టుతో నాగపూరు రైలెక్కాలి. ఓడితే అదే సాయంత్రం ఇంట్లో పెళ్ళిచూపులు. ఆమె మనసుపడ్డ యువకుడు ఆ ఆటకు అంపైరు. ఇంతే. భాష పేలవం, ఉపమానాలు అరువు తెచ్చినవి. అయినా డెబ్భైయవ పేజీ దగ్గర అమరావతమ్మ పెన్సిలు బల్లమీద పెట్టిందని ఆమెకే తెలియలేదు. రాత్రి ఇంట్లో, నూటపదో పేజీ దగ్గర, పొయ్యిమీది చారు మరిగి అడుగంటింది.

ఏముంది ఇందులో? ఆమె తనను తానే కఠినంగా ప్రశ్నించుకుంది. ఎవరూ చావరు. క్షయ లేదు, సవతితల్లి లేదు, నూతిలో పడే ఇల్లాలు లేదు. మహా ఉపద్రవమంటే ఉత్పల చీలమండ బెణకడం, అది పదకొండు పేజీల్లో నయమవుతుంది. ప్రేమకూడా పెద్దగా లేదు. ఇద్దరూ ఒకరినొకరు వెక్కిరించుకోవడమే ఎక్కువ. అప్పుడు తోచింది. ఈ నూట తొంభై పేజీల్లో ఒక ఆడపిల్ల పొద్దస్తమానం పరుగెత్తుతుంది. ఎందుకు పరుగెత్తుతున్నావని ఏ ఒక్కరూ అడగరు. అమరావతమ్మ చివరిసారి పరుగెత్తింది పన్నెండో ఏట, కలికిరి సంతలో, తెగిన గాలిపటం వెంట. అందరి ముందు నాయన పిలిచి ఒకే మాట అడిగాడు: ‘యాల పరిగెత్తుతాండావు?’ దానికి జవాబు ఆమెకు నాడూ తెలియలేదు. ఇన్ని శాస్త్రాలు చదివినా నేడూ తెలియదు.

నూట తొంభై రెండో పేజీ ఇలా ముగిసింది. ‘ఇరవై ఎనిమిది – ఇరవై ఎనిమిది. ఉత్పల పసుపుపచ్చని ఊలుబంతిని అరచేతిలోకి తీసుకుంది. ఎత్తు కుర్చీలో అతను ఊపిరి’

ఆ తరువాత అట్ట. చివరి పదహారు పేజీలు, ఒక మడత మొత్తం, లేవు.

అమరావతమ్మ లేచి నిలబడింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. పుస్తకాన్ని తలకిందులుగా పట్టుకొని దులిపింది. నలభై ఒక్కమంది గుర్తులు పెట్టిన పుస్తకం. ఒక్కరూ ఫిర్యాదు చేయలేదు. రెండో కుట్టప్పుడే ఆఖరి మడత ఊడిపోయినట్టుంది. ఉత్పల గెలిచిందా? అతను ఊపిరి ఏం చేశాడు? ఆ ప్రశ్నలు ఇంత చదివిన తనను పట్టి ఊపుతున్నాయనేది ఆమెకు సహించరాని అవమానం. అయినా అవి వదలలేదు.

శుక్రవారం మూడు గంటలకు తలుపు తెరవగానే ఆమె పుస్తకాన్ని పైకెత్తి చూపింది.

“దీనికి చివర లేదు. మీలో ఎవరికైనా తెలుసునా, ఏమైందో?”

 గది గదంతా ఒక్కసారి మాట్లాడింది.

“గెలిచిందమ్మా! గెలవకుండా ఎట్ల?” అంది రామక్క, మెడలో టేపు తీయకుండానే. “బంతి గీత మింద పడింటాది. ఆయప్ప లోపలే అనింటాడు.”

“అట్లయితే దొంగాట కదక్కా. ఆ పిల్ల ఒప్పుకుంటాదా?” అంది వెనకనుంచి ఒక గొంతు.

“ఒప్పుకోదు. బ్యాటు ఆయప్ప నెత్తిన ఏసింటాది.”

“ఏసి, మళ్ళ కట్టు కట్టింటాది!”

నవ్వులు పెంకులకు తగిలాయి. అరుగుమీది మగవాళ్ళు కిటికీలోంచి తొంగిచూశారు. నాగమ్మ మాత్రం నవ్వలేదు. చాలా శ్రద్ధగా ముందుకు వంగింది.

“నిదానంగా చెప్పక్కా. గీత మింద పడిందా, అవతల పడిందా? నేను పోయి ఇంట్లో చెప్పల్ల.”

“ఇంట్లో ఎవురికి?” అంది రామక్క.

“ఎవురికో ఒకరికిలే. పోయినసారి నువ్వు చెప్పింది వేరే, ఇప్పుడు చెప్పేది వేరే. నాకు తిట్లు పడినాయి.”

అమరావతమ్మ బల్లమీద వేలితో తట్టింది. “ఇది ఇలా ఎన్నాళ్ళుగా ఉంది?”

“రెండేండ్లు అయిండాది” అంది రామక్క.

“రెండేళ్ళుగా చివర లేని పుస్తకాన్ని చదువుతూ, నాకు ఒక్క మాట చెప్పలేదా?”

 రామక్కే అంది, నేలకేసి చూస్తూ: “చెప్తే మీరు బుక్కు తీసేస్తారని, అమ్మా.”

ఆ మాట ఆమెకు సూటిగా తగిలింది. ఎందుకంటే అది నిజం.

శనివారం పఠనమందిరానికి సెలవు. తొలి బస్సుకే అమరావతమ్మ మదనపల్లెకు బయలుదేరింది. అరవై పుస్తకాలకు కారణాలు రాయవచ్చు, అరవై ఒకటోదానికి చివర తెలియకుండా ఎలా రాస్తాను అని తనకు తాను చెప్పుకుంది. చెప్పుకున్నది అబద్ధం కాదు. నిజంలో చిన్న ముక్క.

బస్టాండు పక్క సందులో సిద్దప్ప అద్దె పుస్తకాల అంగడి. తలుపు చెక్కలు తీస్తూ ఆమెను చూసి ఆయన ఒక చెక్కను అలాగే చేతిలో పట్టుకొని ఉండిపోయాడు.

“అమరావతమ్మగారా! మా అంగట్లో మీ పాదం పడిందే! మూడేండ్ల కిందట సభలో మా అంగళ్ళను మురుగ్గుంటలు అనిన్నారు, గుర్తుండాదా?”

“గుర్తుంది.”

“ఇప్పుడు గుంటలోకి మీరే దిగినారే?”

“లోతు చూడడానికి. ‘ఇరవై తొమ్మిదో పాయింటు’ ఉందా?”

సిద్దప్ప నవ్వు ఆపుకోవడానికి చెక్కను గోడకు ఆనించాడు. “ఉండాది. అయితే ఈడ లేదు. కుప్పంలో ఉండాది. మునెమ్మ అని డ్రిల్లు టీచరు. వచ్చినప్పుడల్లా పది తీసుకొని పోతాది, తొమ్మిదే తిరిగొస్తాయి. ఆ ఒక్కటీ మూడు నెల్లుగా ఇయ్యలేదు. మీరు పోతే సిద్దప్ప అడిగినాడని చెప్పండమ్మా.”

“నేను కుప్పం పోతానని ఎవరన్నారు?”

“మీ మొగమే అంటాండాది.”

కుప్పం బస్సు పుంగనూరు మీదుగానే పోతుంది. పొద్దున వదిలివచ్చిన ఊళ్ళోకే మళ్ళీ పోతూ అమరావతమ్మ కొంగును నుదుటిదాకా లాక్కుంది. బస్సు పది నిమిషాలు ఆగింది. కిటికీకి అవతల ఎవరో వేలితో తట్టారు. రామక్క. చంకలో కుట్టిన జాకెట్ల మూట.

“అమ్మా, యాడికి?”

“కుప్పం.”

“యాలమ్మా, కుప్పం?”

“పనుంది.”

రామక్క ఆమె ముఖంలోకి చూసింది, బస్సు పలకకేసి చూసింది, మళ్ళీ ముఖంలోకి చూసింది. “ఇరవై ఎనిమిది ఇరవై ఎనిమిది పనేనా?” అంది. బస్సు కదిలేదాకా ఆమె నవ్వుతూనే ఉంది. అమరావతమ్మ నిటారుగా కూర్చొని, ముందు సీటు ఇనుప కమ్మీని చూస్తూ, చెవులు వేడెక్కడాన్ని గమనించింది. పలమనేరు, వి.కోట, ఎక్కేవాళ్ళు, దిగేవాళ్ళు, గంపలు, కోళ్ళు. ప్రతి మలుపులోనూ ఆమె మనసు ఆ ఊలుబంతిని పైకి వేసింది. అది ఎక్కడా కిందపడలేదు.

కుప్పంలో ఆడపిల్లల బడి ఆవరణ వెనక సున్నపు గీతలు, రెండు గుంజల మధ్య వల. పది మంది పిల్లలు ఆడుతున్నారు. మునెమ్మ పొడుగైన మనిషి, నలభై ఏళ్ళుంటాయి, మెడలో ఈల. వచ్చిన పని వినగానే ఆమెకు ఆశ్చర్యం కలగలేదు.

“బుక్కు ఉండాది. ఇయ్యను మాత్రం ఇయ్యలేనమ్మా. అద్దెది. నాపేర రాసుండాది.”

“అది సరైన పద్ధతి” అంది అమరావతమ్మ, మనస్ఫూర్తిగా. “ఇక్కడే కూర్చొని రాసుకుంటాను.”

“పదహారు పేజీలా? పొద్దు గుంకుతాది. మూడున్నరకే కడా బస్సు, దాని తర్వాత ఇంగ లేదు.” మునెమ్మ ఈల ఊదింది. “ఏయ్, ఆటలో ఓడినోళ్ళు ఇట్ల రండి! ఒకరెనక ఒకరు చదవండి, అమ్మ రాసుకుంటాది.”

చింతచెట్టు నీడలో బెంచీ వేశారు. ఓడిన జట్టునుంచి పిల్లలు చెమటలు తుడుచుకుంటూ వచ్చి రెండేసి పేజీలు చదివి, మళ్ళీ ఆటకు పోయారు. కొన్నిచోట్ల పుస్తకం చూడకుండానే చెప్పేశారు. అమరావతమ్మ కలం పరుగెత్తింది. ఉత్పల సర్వీసు వేసింది. బంతి వల దాటింది, తిరిగి వచ్చింది, మళ్ళీ దాటింది. ఆఖరికి ఉత్పల ఎగిరి కొట్టింది. బంతి పడింది.

“గీత మింద పడింది! అతను లోపలే అన్నాడు!” అంది చదివే పిల్ల.

అమరావతమ్మ కలం ఆపి తల పైకెత్తింది. “ఆ వాక్యం పుస్తకంలో ఉందా? నాకేసి చూసి చెప్పు.”

పిల్ల నాలుక కరుచుకుంది. పక్కనున్నవాళ్ళు పకపకా నవ్వారు. “అది మేం అనుకునేదమ్మా. బుక్కులో వేరే ఉండాది.”

“బుక్కులో ఉన్నది చెప్పు.”

పుస్తకంలో బంతి గీతకు రెండువేళ్ళ అవతల పడింది. అంపైరు కళ్ళు మూసుకొని ‘బయట’ అన్నాడు. ఉత్పల ఓడిపోయింది. ఎత్తు కుర్చీ దగ్గరికి వచ్చి, ‘లోపల అని ఉంటే మళ్ళీ మీ ముఖం చూసేదాన్ని కాదు’ అంది. గెలిచిన జట్టులో ఒక పిల్లకు కాలు మెలికపడింది గనక నాగపూరుకు ఉత్పలను తీసుకుపొమ్మన్నారు. పెళ్ళిచూపులకు ఆమె రాలేదు. వరుడూ రాలేదు. వరుడే ఆ అంపైరు. అదే రైల్లో, పై బెర్తు మీద ఉన్నాడు. రెండువైపుల పెద్దలూ ఎదురెదురుగా కూర్చొని బజ్జీలన్నీ తామే తినేసి, ఒకరికొకరు తెగ నచ్చారు.

ఇంత నమ్మశక్యంకాని ముగింపును ఆమె ఎక్కడా చదవలేదు. నాగపూరు రైలు టిక్కెట్టు అంత సులభంగా పేరు మారదు. అంపైరుకు పెళ్ళికూతురి పేరు ముందే తెలియకపోవడం అసంభవం. ఈ అభ్యంతరాలన్నీ ఆమె వరసగా లేవదీసింది. రెండో అభ్యంతరం మధ్యలో బజ్జీలు గుర్తొచ్చాయి. నవ్వు వచ్చింది. ఆపుకోబోతే పొలమారింది. మునెమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చింది.

“మా పిల్లోళ్ళు మ్యాచికి ముందు ఇది చదవందే ఆడరమ్మా” అంది మునెమ్మ. “ఓడిపోయినా రైలెక్కుతాది కదా ఆ పిల్ల. అందుకే ఈళ్ళకు బయం ఉండదు.” చెంబు వెనక్కి తీసుకుంటూ అడిగింది: “సిద్దప్ప ఏమన్నా అన్నాడా?”

“అడిగాడని చెప్పమన్నాడు. చెప్పాను.” కలం మూత పెడుతూ అమరావతమ్మ అంది: “తొందరేమీ లేదనుకుంటాను.”

అప్పుడే రోడ్డుమీద హారను వినిపించింది. ఆవరణ గేటు రెండువందల గజాల దూరం. బస్సు మెల్లగా కదులుతోంది. అమరావతమ్మ కాగితాలను గుండెకు హత్తుకుంది, కుచ్చెళ్ళు ఎడమచేత్తో పట్టుకుంది, పరుగెత్తింది. పిల్లలు ఆట ఆపి అరిచారు: “అమ్మా, ఇంగా జోరుగా!” కండక్టరు చెయ్యి అందించాడు. ఎవరూ ఏమీ అడగలేదు. సీటులో కూర్చున్నాక చాలాసేపటి దాకా ఆమె గుండె చెవుల్లో కొట్టుకుంటూనే ఉంది. అది నెమ్మదించకుంటే బాగుండునని ఆమె అనుకుంది.

ఆదివారం పదిగంటలకు కమిటీ కూర్చుంది. నలుగురు సభ్యులు, వరదరాజులు. అమరావతమ్మ ఒకే ఒక కాగితం బల్లమీద పెట్టింది.

“లిస్టు ఇంత పొట్టిగా ఉండాదే?” అన్నాడు వరదరాజులు.

“జాబితా కాదు. ఎనిమిది నెలల కిందటి నా ఉత్తరాన్ని వెనక్కి తీసుకుంటున్నాను.”

“యాలమ్మా? మీ అక్షరమే కదా అది?”

“అక్షరం నాది. చదువు దానిలో లేదు. ఆ అరవై ఒక్క పుస్తకాల్లో ఒక్కదాన్నీ చదవకుండా రాశాను. ఈ వారం తొమ్మిది చదివాను. భాష బాగాలేదు, తప్పులు లెక్కలేనన్ని. అయినా ఒక్కొక్కటి కనీసం ఇరవైఆరుగురు చదివారు. తీసేయడానికి నాకు కారణం దొరకలేదు. చదవకుండా కారణం చెప్పేవాళ్ళు ఇంకెవరైనా ఉంటే చెప్పవచ్చు.”

నలుగురూ గోడమీది క్యాలెండరుకేసి చూశారు. వరదరాజులు తువ్వాలు సర్దుకున్నాడు. “ఇరవైఆరుగురా? ఎవురు వాళ్ళు? పేర్లేమన్నా ఉండాయా?”

త్రికోణం, నడుమ చుక్క. ఆమె నాలుక చివరనే ఉంది. ఒక్క మాట అంటే చాలు, ఈ మనిషి ఇకమీద ఈ గదిలో గొంతెత్తడు. ఆ ఒక్క మాటకు ఈ సాయంత్రం ఆయన ఇంట్లో నాగమ్మ జవాబు చెప్పుకోవలసి వస్తుంది. అమరావతమ్మ ఆ మాటను మింగింది. అది మింగడం ఉత్తరాన్ని మింగడం కన్నా కష్టమైంది.

“ఎవరేం చదివారో గ్రంథపాలకురాలు చెప్పదు. చెప్పిన రోజు ఆ కుర్చీలో ఉండదు.”

“సరే. బుక్కుల సంగతి వచ్చే మీటింగులో సూస్తాం. గంట సంగతి కూడా అప్పుడే” అన్నాడు వరదరాజులు. సభ్యులు చెప్పులు వేసుకొని వెళ్ళారు.

ఆయన వెళ్ళలేదు. అరుగుదాకా పోయి, వెనక్కి వచ్చి, అరలను చూస్తున్నట్టు నిలబడ్డాడు. అమరావతమ్మ కుప్పం కాగితాలను సూదీదారంతో పుస్తకానికి కుట్టడం మొదలుపెట్టింది.

“నిన్న మీరు కుప్పం పోయినారంట.”

“పోయాను.”

“అదేనా? ఆ కాయితాలు?”

“అవే.”

ఆయన గొంతు తగ్గించాడు. “గీత మింద పడిందా, అవతల పడిందా?”

సూది ఆగింది. అమరావతమ్మ తలెత్తి ఆయనను తొలిసారి చూసినట్టు చూసింది.

“నాగమ్మగారు చెప్పలేదా?”

“మా ఇంటామెకు తెలుగు చదవను రాదమ్మా. ముళబాగిలు మనిషి, కన్నడమే వచ్చు. ఆమె తెస్తాది, అంతే. ఆడోళ్ళు చెప్పింది వచ్చి చెప్తాది, ఒకసారి చెప్పింది ఇంగోసారి చెప్పదు. రెండేండ్లుగా ఇదే బాధ.” చెవిలోని పెన్సిలు ముక్కను తీసి మళ్ళీ పెట్టుకున్నాడు. “మదనపల్లెలో చదివేటప్పుడు నేనూ ఆడినాను. ఒకసారి ఇరవై ఎనిమిది దాకా పోయినాం. అంతలో వాన. ఆ మ్యాచి మళ్ళ జరగలేదు.”

“మండీ అటక” అంది అమరావతమ్మ, నెమ్మదిగా. “అరవై ఒక్క పుస్తకాలు మీ అటకమీదికి చేరేవి.”

“నేను మండీ నడిపేవాణ్ణి. ఈడికొచ్చి ఆ రిబ్బను పిల్ల బొమ్మ బుక్కు ఇయ్యమని అడగల్లంటే ఎట్ల? ఊరంతా నవ్వదా?”

“ముప్ఫైమంది ఆడవాళ్ళ గంటను తీసేయడం మీకు సులువుగా తోచింది. కార్డుమీద మీ పేరు రాయడం కష్టంగా తోచింది.” ఆమె దారం కొరికింది. “ఈ పుస్తకం కావాలా మీకు?”

ఆయన తల ఊపాడు.

“నిన్న సాయంత్రం బస్సు దిగేసరికి రామక్క నిలబడి ఉంది. పొద్దునకల్లా ఏడుగురు పేర్లు రాసిపోయారు. మీది ఎనిమిది. ఈ పుస్తకాలు చేతులు మారేది మూడు నుంచి నాలుగు లోపల, ఆ ఆడవాళ్ళ గంటలోనే. ఆ గంట లేనినాడు ఏడోవారి దగ్గరే ఇది ఆగిపోతుంది. వచ్చే మీటింగు దాకా ఆలోచించుకోండి.”

వరదరాజులు బల్లమీది కమిటీ కాగితాల్లోంచి ఆమె పాత ఉత్తరాన్ని తీసుకున్నాడు. రెండో వాక్యం మరోసారి చదివినట్టున్నాడు. నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నాడు.

“ఇది మీటింగుకు రాదులే. గంట అట్లే ఉండనీండి” అని, మళ్ళీ, “ఎనిమిదంటే ఎన్నాళ్ళమ్మా?” అని అడిగాడు.

“ఒక్కొక్కరికి వారం. రామక్క త్వరగా చదువుతుంది.”

“గీత సంగతి ఒక్కటి చెప్పండి. ఒక్క ముక్క.”

“మీ వంతు వచ్చినప్పుడు చదువుకోండి” అంటూ ఆమె కొత్త కార్డును ఆయన ముందుకు తోసింది.

వరదరాజులు చెవిలోని పెన్సిలు తీశాడు. పేరు రాయవలసిన గీతమీద ఆయన చెయ్యి అలవాటు ప్రకారం ముందు ఒక త్రికోణం గీసింది, నడుమ చుక్క పెట్టింది. తరువాత నాలుక కరుచుకొని ఆమె ముఖంలోకి చూశాడు. అమరావతమ్మ రబ్బరు ఉన్న సొరుగు తెరిచింది, చూసింది, మూసేసింది.

“పక్కన పేరు కూడా రాయండి” అంది.